ఈ మురికి ఏ ఊరిది?

2005 డిసెంబరు నెలాఖరుకు నా బల్ల మీద ఒక సరుకు వ్యాగన్ పూర్తయింది. అసలు వ్యాగన్‌లో ఎనభై ఏడో వంతు. పదిహేను మీటర్లకు పైబడిన పొడవు, నా లెక్కలో పదిహేడు సెంటీమీటర్ల ఏడు మిల్లీమీటర్లకు దిగింది. ఒళ్లు దళసరి డ్రాయింగు అట్ట, తలుపు కమ్మీలు రాగి తీగ, నిచ్చెన మెట్లు తల కొట్టేసిన గుండుసూదులు. రివెట్లు అట్ట వెనక నుంచి కంపాస్ ముల్లుతో ఒక్కొక్కటిగా పొడిచినవి. ఒక్కో పక్కకు నాలుగు వందల పన్నెండు. రెండుసార్లు లెక్కపెట్టాను, రెండుసార్లూ అదే సంఖ్య వచ్చింది.

మన బ్రాడ్‌గేజి పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు. దాన్ని ఎనభై ఏడుతో భాగిస్తే పంతొమ్మిదింబావు వస్తుంది. ఈ కొలతకు బజారులో దొరికే బొమ్మ పట్టాలు పదహారున్నర మాత్రమే. ఆ తేడాతో రాజీపడలేక పట్టాలు కూడా నేనే చేసుకున్నాను. నా వ్యాగన్లు నడవవు, చెక్క మీద నిలబడి ఉంటాయి. అయినా తప్పు కొలత మీద నిలబడడం నాకు ఇష్టం లేదు.

తాడేపల్లిగూడెం గూడ్స్ ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు పనిచేశాను. వచ్చిన వ్యాగన్ నంబరు, ఎక్కిన బస్తాలు, బయలుదేరిన వేళ రాసుకోవడమే నా ఉద్యోగం. 2001లో రిటైరై ఏలూరులో ఇల్లు కట్టుకున్నాక కూడా ఆ అలవాటు పోలేదు. కుళాయి వచ్చిన వేళ, కరెంటు పోయిన వేళ, వాన పడిన రోజు, అన్నీ డైరీలో ఉంటాయి. మనిషి జ్ఞాపకం తనకు అనుకూలమైనదే దాచుకుంటుంది. తేదీ అలా చెయ్యదు.

వ్యాగన్ కట్టడం ఒక ఎత్తు, దాన్ని పాతబరచడం మరొక ఎత్తు. రంగు వేసిననాటి మెరుపుతో వచ్చిన వ్యాగన్ నా ఉద్యోగకాలంలో వేళ్ల మీద లెక్కపెట్టదగినన్ని. తుప్పు, మసి, వాన చారలు లేకపోతే బొమ్మ బొమ్మగానే మిగిలిపోతుంది. ఈ పని ఎలా చెయ్యాలో విజయవాడ పాతపుస్తకాల బజారులో దొరికిన ఒక విదేశీ పత్రికలో చదివాను. అందులో మోతాదులు ఉన్నాయి. నలుపు మూడు చుక్కలు, ముదురు గోధుమ రెండు, ఆకుపచ్చ ఒకటి, నీళ్లు పద్దెనిమిది. పోస్టరు రంగులు తెచ్చి, కంటి మందు వేసే గొట్టంతో చుక్కలు లెక్కపెట్టి, అక్షరం తప్పకుండా అలాగే చేశాను. లెక్క సరిగ్గా ఉంది కనుక వ్యాగన్ సరిగ్గా వచ్చిందని నమ్మాను.

2006 జనవరి 8, ఆదివారం. ఉదయం తొమ్మిదింటికి నా భార్య వసారాలోంచి పిలిచింది. "ఏవండీ, తంగెళ్లమూడి సాయిబుగారొచ్చారు."

ఆయన తివాచీల ఉన్నికి రంగు వేసే మనిషి. మా వెనకవీధిలోనే ఉంటారు. వయసులో నాకంటే నాలుగేళ్లు చిన్న. ఏలూరులోనే తివాచీలు నేసే పేట తంగెళ్లమూడిలో మగ్గాల యజమాని ఒకాయన దగ్గర ముప్పై ఏళ్లుగా కాగు ఆయనదే, అంటే చిలపలుగా చుట్టిన ఉన్ని దారాన్ని ఏ రంగులో ఎంతసేపు ఉడకబెట్టాలో తేల్చే మాట ఆయనది. చేతి గోళ్ల అంచుల్లో ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉండేది. ఆ రోజు గోళ్లు తెల్లగా ఉన్నాయి.

"ఒక అర్జీ రాసిపెట్టాలండీ మాస్టారూ," అన్నారు కూర్చుంటూనే.

"ఎవరికండీ?"

"మా యజమానిగారికి."

"ఏమని?"

"నా కళ్లు బాగానే ఉన్నాయని."

నేను కాగితం తీసి తేదీ వేశాను. ఆయన చెయ్యి అడ్డుపెట్టారు.

"వద్దులెండి. ఉన్నాయో లేదో నాకే తెలీదు. తెలియని మాట రాయించకూడదు కదండీ."

విషయం విడతలు విడతలుగా చెప్పారు. ఇటుక రంగు నేల మీద పూలున్న పెద్ద తివాచీ ఒకటి, దూరపు ఊరి నుంచి వచ్చిన ఆర్డరు. ఉన్నిని రెండు విడతలుగా రంగు వేశారు, రెండోది ఆరేసరికి మొదటిది మగ్గానికి వెళ్లిపోయింది. నేత సగం దాటాక చూస్తే మొదటి విడత అయిపోయి రెండోది మొదలైన చోట అడ్డంగా చార తేలింది. ఇటు ఇటుక, అటు కాస్త బూడిద కలిసిన ఇటుక. డిసెంబరులో యజమాని ఆయన్ని పక్కకు పిలిచి, ఇక కళ్లు సహకరించడం లేదు, ఫిబ్రవరి దాటాక వేరే మనిషిని పెడతాను, మీరు మూటలు కట్టే చోట కూర్చోండి అని మర్యాదగానే చెప్పారు. అప్పటి నుంచి ఆ మగ్గం ఆగింది, కాగు వెలగలేదు.

"తిట్టినా బావుండేదండీ," అన్నారు సాయిబుగారు. "కుర్చీ వేయించి మరీ చెప్పారు."

నా భార్య టీ తెచ్చింది. ఆయన గ్లాసు అందుకుంటూ బల్ల వైపు తిరిగారు. వ్యాగన్‌ను కిటికీ వెలుతురులోకి జరిపి చాలాసేపు చూశారు. మెప్పు కోసం ఎదురుచూస్తున్నానని ఒప్పుకుంటాను.

"బలే చేశారండీ. ఇది మాత్రం ఏంటండీ, ఈ పైపూత?"

"మురికండీ. ఎండావానల్లో తిరిగిన వ్యాగన్‌కు పట్టేది."

"ఏ ఊరి మురికండీ ఇది?"

నాకు అర్థం కాలేదు. ఆయన గోరుతో అంచు చూపించారు. "ఇక్కడ పచ్చగా ఉంది."

"పాచి."

"రైలుకి పాచేంటండీ! ఓచోట ఆగితే కదా పాచి పట్టడానికి."

"ఈయన కుర్చీకి పట్టిందండీ అన్నయ్యగారూ, రిటైరయ్యాక," అంది నా భార్య లోపలికి వెళుతూ.

పత్రిక తీసి చూపించాను. ఫొటోలో సన్నని జల్లు, బొగ్గు ఇంజను, మబ్బు పట్టిన ఆకాశం. ఆయన ఫొటోనూ వ్యాగన్‌నూ మార్చి మార్చి చూసి, ఇది ఆ దేశపు మురికేనని, వాళ్లకు బాగానే కుదిరిందని, మన రైలుకు పరాయి దేశం వాళ్ల చొక్కా తొడిగినట్టుందని అన్నారు. మాట మృదువుగానే ఉంది. నాకు మాత్రం ముప్పై నాలుగేళ్లు వ్యాగన్ల పక్కన నిలబడిన మనిషినన్న అభిమానం కొంచెం గాయపడింది.

"కళ్లు పోయాయన్నారు. మరి నా ఒక్క చుక్క ఆకుపచ్చ ఎలా కనిపించిందండీ?"

"అది గుడ్డివాడికైనా కనిపిస్తుందండీ మాస్టారూ," అని లేచి వెళ్లిపోయారు. అర్జీ కాగితం మీద తేదీ ఒక్కటే మిగిలింది.

జనవరి 22న ఇద్దరం పాసింజరులో తాడేపల్లిగూడెం వెళ్లాం. ఆయన్ని ఒప్పించడానికి రెండు వారాలు పట్టింది. నాకు వ్యాగన్ రంగు చూసిపెట్టాలి అన్నాను. నిజానికి ఆయన కన్ను ఎలా ఉందో తేలాలన్నది నా ఉద్దేశం. ఆయనకూ అది తెలుసునని ఇప్పుడు అనుకుంటున్నాను.

గూడ్స్ షెడ్డు దగ్గర బియ్యం ఎక్కుతున్నాయి. హమాలీల జట్టు మేస్త్రీ నన్ను గుర్తుపట్టాడు. నేను టేపుతో వ్యాగన్ తలుపు ఎత్తు కొలుస్తుంటే, సాయిబుగారు రేకుకు జానెడు దూరంలో మొహం పెట్టి నడుస్తుంటే, బస్తా దించిన జట్టు మొత్తం చూసింది.

"ఏంటండీ గుమాస్తాగారూ, వ్యాగన్‌కి పెళ్లిచూపులా?" అన్నాడు మేస్త్రీ.

"పిల్ల నల్లగా ఉందా ఎర్రగా ఉందా చెప్పండి సాయిబుగారూ!" ఇంకొకడు.

"ఎరుపేనయ్యా," అన్నారాయన తల తిప్పకుండానే. "మీరంతా భుజాలు రాసి రాసి తెలుపు చేశారు."

అది నిజం. ప్లాట్‌ఫారం వైపు రేకు మీద, బస్తా మోసే మనిషి భుజం ఎత్తున, తవుడు రంగు పట్టీ ఒకటి పొడవునా ఉంది. టేపు పెట్టి చూస్తే ప్లాట్‌ఫారం నుంచి నూట ముప్పై ఎనిమిది సెంటీమీటర్లు. బండి అవతలి పక్కకు వెళితే అక్కడ అది లేదు. ఆయన ఒక్కొక్కటే చూపించారు. తుప్పు ఎక్కడపడితే అక్కడ పుట్టదు, రివెట్టు కింద పుట్టి వాన జారిన దారినే దిగుతుంది. తలుపు గడియ మాత్రం చేతులు తగిలి తగిలి వెండిలా ఉంటుంది. చక్రాల దగ్గర గోధుమరంగు బ్రేకులు అరిగిన పొడి, అది తుప్పు కాదు, తుప్పులో కాస్త నారింజ ఉంటుంది, దీనిలో ఉండదు. పై అంచున ఉన్న ఎర్రదుమ్ము ఈ డెల్టాది కాదు, నల్లజర్ల, జంగారెడ్డిగూడెం వైపు మెట్టనేలల ఎరుపు, లారీల వెంట వచ్చి ఇక్కడ వాలింది. మన పల్లపు మట్టి నల్లన, అది అడుగున ఉంది.

ఈ వ్యాగన్ల నంబర్లు నేను వేల సంఖ్యలో రాసుకున్నాను. ఒక్కదానికీ రెండు పక్కలు వేరువేరుగా ఉంటాయని ఎన్నడూ రాసుకోలేదు.

జనవరి 24, మంగళవారం, ఆయన మా వసారాలో కూర్చుని కొత్త వ్యాగన్‌కు పూత వేశారు. చుక్కలు లెక్కపెట్టలేదు. గిన్నెలో రంగు తిప్పుతూ, గోరు మీద చూసుకుంటూ, మళ్లీ తిప్పుతూ కలిపారు. నా పద్ధతి వదలలేక పక్కన కూర్చుని ఆయన వేసిన ప్రతిదీ పట్టికలో రాశాను. ఏ రంగు ఎంత, ఏ కుంచె, ఎన్ని నిమిషాల ఆరుదల, నీళ్లు ఎక్కడివి. సాయంత్రానికి ఆ పదిహేడు సెంటీమీటర్ల అట్ట తాడేపల్లిగూడెంలో బియ్యం ఎక్కించుకుని వచ్చింది. నా భార్య చూసి, దుమ్ము దులిపే గుడ్డ తేవడానికి లోపలికి వెళ్లబోయింది. ఆయన నవ్వారు. రెండు నెలల్లో ఆ నవ్వు నేను చూడడం అదే మొదలు.

జనవరి 31న రెండో వ్యాగన్. అదే రంగులు, అదే చెయ్యి. ఆరాక చూస్తే ఎరుపు చచ్చిపోయి బూడిద తిరిగింది, అంచుల వెంట తెల్లగా పొర కట్టింది. ఆయన కుంచె కడిగి, తుడిచి, బల్ల మీద సరిగ్గా పెట్టారు.

"చూశారు కదండీ. యజమానిగారి తప్పేం లేదు. మూటల దగ్గర కూర్చుంటాను."

గుమ్మం దాటబోతుంటే ఆగమన్నాను. పట్టికలు రెండూ పక్కపక్కన పెట్టి పై నుంచి కిందికి వేలితో దిగాను. రంగుల్లో తేడా లేదు. కుంచెల్లో లేదు. ఆరుదలలో నాలుగు నిమిషాలు, అది లెక్కలోకి రాదు. చివరి గడి నీళ్లది. 24వ తేదీన మునిసిపల్ కుళాయి. 31న ఉదయం కుళాయి రాలేదు, వీధి చివర చేతిపంపు నీళ్లు పట్టాం. ఆ పంపు నీళ్లతో పప్పు ఉడకదని మా వీధి అంతా ఎరుగుదురు.

"ఆ రెండో విడత ఉన్ని ఏ రోజు వేశారండీ?"

"తేదీ నాకెక్కడ తెలుస్తుందండీ. పద్నాలుగో రోజా ఉపవాసం నాడు. రంజాన్ సగంలో పడిందని అనుకున్నాను, అందుకని గుర్తు."

పాత క్యాలెండరులో పండుగ రోజు చూసుకుని, ఆయన ఎన్ని రోజాలు ఉన్నారో అడిగి, వెనక్కి లెక్క కట్టాను. అక్టోబరు 19 వచ్చింది. డైరీ తీశాను. అక్టోబరు 18, కుళాయి లేదు. 19, కుళాయి లేదు, ట్యాంకరు వచ్చింది, బోరు నీళ్లు, ఉప్పన. 20, సాయంత్రం ఐదింటికి కుళాయి వచ్చింది. తంగెళ్లమూడికీ మాకూ ఒకటే కుళాయి లైను.

ఆయన డైరీ వైపు చూడలేదు. నా మొహం వైపు చూశారు.

"షెడ్డులో నీళ్ల తొట్టి నింపేది వేరే మనిషండీ. నేను వెళ్లేసరికి నిండి ఉంటుంది."

"కానీ మీరు నీళ్లు నోట్లో పోసుకుని రుచి చూడందే రంగు కలపరని ఊరంతా చెప్పుకుంటారు కదండీ. ఆ రోజు చూడలేదా?"

ఆయన గుమ్మం వదిలి లోపలికి వచ్చారు.

"రోజా అండీ," అన్నారు మెల్లగా. "పొద్దువాలే దాకా నోట్లో చుక్క పోసుకోను. ముప్పై ఏళ్లలో ఏ రంజాన్‌లోనూ నీళ్లు మారలేదు."

నేను లేచి చొక్కా వేసుకోబోయాను. ఇప్పుడే వెళ్లి యజమానికి చెబుదామన్నాను. ఆయన తలుపుకు అడ్డంగా నిలబడ్డారు. అంత గట్టిగా ఆయన మాట్లాడగా నేను అంతకుముందు వినలేదు.

"నీళ్ల సంగతి చెప్పండి, తేదీలు చెప్పండి. రోజా మాట ఎత్తితే మాత్రం నేను రానండీ. ఉపవాసం వల్ల పని చెడిందని నా నోటితో గానీ మీ నోటితో గానీ రాకూడదు. దానికంటే మూటలు కట్టుకోవడం మేలు."

ఫిబ్రవరి 2న నేనొక్కణ్ణే వెళ్లాను. పట్టికలు, డైరీ, క్యాలెండరు వరసగా బల్ల మీద పరిచాను. యజమాని ఓపికగానే విన్నారు. ముప్పై నాలుగేళ్లు ఏ ఆఫీసరూ కాదనలేని పద్ధతి అది.

"మీరు పెద్దవారు, కాదనను. తేదీలు చూసి నేనేం చేసుకోనండీ? తివాచీ కొనేవాడు డైరీ అడగడు. ఉన్ని చూపించండి."

అన్నీ మడిచి సంచిలో పెట్టుకున్నాను. అక్టోబరులో ట్యాంకరు నింపిన బోరు ఏదో కనుక్కుని, ఆదివారం, అంటే 5వ తేదీన, అక్కడి నుంచి రెండు బిందెలు, కుళాయి నుంచి రెండు బిందెలు తెప్పించాం. షెడ్డులో రెండు చిన్న కాగులు పక్కపక్కన. ఒకే మూటలోని ఉన్ని, ఒకే రంగు, ఒకే మంట. గడియారం నేను పట్టుకున్నాను. సాయిబుగారు మధ్యాహ్నం దాకా కాగుల దగ్గరే ఉన్నారు. ఆవిరిలోకి వంగి కర్రతో చిలపల్ని తిప్పారు. చిలపలు తీసి, కడిగి, నీడలో ఆరేశారు.

ఆరాక యజమాని స్వయంగా సగం నేసిన తివాచీని ఎండలోకి లాగించారు. కుళాయి నీళ్ల చిలపను చారకు ఇటువైపు పెట్టారు. కలిసిపోయింది. బోరు నీళ్ల చిలపను అటువైపు పెట్టారు. అది కూడా కలిసిపోయింది. ఒకదాని చోట ఒకటి మార్చి పెట్టి చూశారు, మళ్లీ మార్చారు. నేత పనివాళ్లు ఇద్దరు వచ్చి వెనక నిలబడ్డారు.

"మరి తొట్టిలో నీళ్లు మారితే మీకు తెలీలేదా?" అని అడిగారు యజమాని చివరికి.

రోజా మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. సాయిబుగారు నా వైపు చూడకుండానే జవాబు చెప్పారు.

"తెలుసుకోవాల్సిందండీ. తప్పు నాదే. కళ్లది కాదు."

యజమాని ఏదో అనబోయి ఆగారు. "అక్టోబరు..." అని తనలో తాను అనుకున్నట్టు అన్నారు. వేళ్ల మీద ఏదో లెక్కపెట్టారు. ఆ తరువాత ఆ విషయం ఇక అడగలేదు. బోరు నీళ్ల చిలపను మడిచి పనివాడి చేతికిచ్చి, చార దాకా నేత విప్పేయమన్నారు.

"రేపు కాక వచ్చే సోమవారం మళ్లీ కాగు వెలిగించండి. ఈలోగా తొట్టి కడిగిస్తాను. ఆ మూటల పనికి వేరే మనిషిని చూసుకుంటానులెండి."

దారిలో సాయిబుగారు కాలువ వంతెన దగ్గర ఆగి, మీ డీజిల్ ఇంజను ఎంతవరకు వచ్చిందండీ అని అడిగారు.

వ్యాగన్ల ముందు పెట్టడానికి నేను అట్టతో కడుతున్న ఇంజను ఒళ్లు అప్పటికే పూర్తయి ఉంది, పూత ఒక్కటే మిగిలింది. ఫిబ్రవరి 12, ఆయన పనిలోకి వెళ్లబోయే ముందురోజు, ఇద్దరం బస్సులో కొల్లేరు దాటి కైకలూరు స్టేషనుకు వెళ్లాం. మా మెయిన్ లైనులో కరెంటు ఇంజన్లు వచ్చేశాయి, కైకలూరు లైనులో ఇంకా డీజిల్ నడిచేది. ఆగిన ఇంజను ముందు ఆయన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. దీపం చుట్టూ చెరువుల మీది పురుగులు పొరలు పొరలుగా అంటుకుని ఎండిపోయాయి. నెత్తిన తెల్లటి పక్షి రెట్టలు, పొగగొట్టం వెనక నూనె జిడ్డు, ఆ జిడ్డు మీద చేపల చెరువు గట్ల బూడిదరంగు దుమ్ము. డ్రైవరు కిటికీ కింద మాత్రం మోచేయి ఆనిన మేర నున్నగా ఉంది.

"ఇది కొల్లేటి మురికండీ," అన్నారు తృప్తిగా. "ఇంకెక్కడా దొరకదు."

మధ్యాహ్నం రెండున్నరకు ఇల్లు చేరి, మూడింటికి కుంచె పట్టి, వెలుతురు తగ్గేలోగా ఎడమ పక్క ముగించారు. కుడి పక్క వచ్చే ఆదివారం చూద్దామన్నారు. సోమవారం కాగు వెలిగింది. ఆ తివాచీ అయ్యేలోపే మరో ఆర్డరు వచ్చింది, దాని తరువాత ఇంకొకటి. ఆదివారాలు కూడా ఆయన గోళ్లలో ఇటుక రంగో నీలమో ఉంటోంది. మార్చిలో ఒకసారి వీధిలో ఎదురుపడి, ఆ ఇంజను సంగతి మరిచిపోలేదండీ మాస్టారూ, తీరిక దొరకడం లేదు అని చెప్పి, సైకిలు దిగకుండానే వెళ్లిపోయారు.

మోతాదులన్నీ నా పట్టికలో ఉన్నాయి. కుడి పక్క నేను వేసుకోవచ్చు. వెయ్యలేదు. ఇంజను బల్ల మీద సగం కొల్లేరు తిరిగి వచ్చి, సగం నిన్ననే కార్ఖానా నుంచి దిగినట్టు నిలబడి ఉంది. చూసినవాళ్లు ఎందుకలా వదిలేశారని అడిగితే, రంగు వేసే మనిషికి పని ఎక్కువగా ఉంది అని చెబుతాను.